ఒంటరి విస్తరి: పూటకూళ్ళ యింటి నుండి మహానగరపు హోటలు వరకు

చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరు పదవిలో నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీన కాశీయాత్రకు బయలుదేరిరి. నేటి మాటలో చెప్పవలెనన్న వారు పెద్ద ప్రభుత్వోద్యోగి. ధనమునకు కొదువ లేదు. దొరలలో పరిచయములు కలవు. అయినను డేరాలు, బోయీలు, వంటవారు, సామాను మోయువారు మొదలగు పెద్ద పరివారము వెంట లేనిదే ఆయన ఒక మజిలీ కదలలేకపోయిరి. 1831 సెప్టెంబరులో ఇల్లు చేరువరకు వారు వ్రాసిన యాత్రాచరిత్రలో పరగణాల పాలన, నదులు, దేవాలయములు, ప్రజల ఆచారములు ఎన్నో యున్నవి. వాటి నడుమ ఒక విచారణ మాత్రము మానక వచ్చుచుండును: ఈ ఊరిలో అంగళ్ళు కలవా, నీళ్ళు ఎట్టివి, బ్రాహ్మణుల ఇండ్లు ఉన్నవా, దిగుటకు తావు దొరకునా?

అదే దారిలో నేడు ఒక గుమాస్తా చేతిసంచితో రైలు దిగును. స్టేషను ఎదుట కనబడిన హోటలులో ఖాళీ కుర్చీ చూచి కూర్చుండును. తన పేరైనను ఎరుగని మనిషి వడ్డించినది తిని, చేయి కడుగుకొని, డబ్బు చెల్లించి పోవును. ఎవ్వరును అతనిని ఏ ఊరని అడుగరు, ఏ కులమని అడుగరు. ఈ రెండు భోజనముల నడుమ ఎంత చరిత్ర గడచినదో మనము తరచుగా తలచుకొనము. రైలు, తంతి, తపాలాలకు చరిత్రలు వ్రాయబడినవి. బదిలీ ఉత్తరువు చేతబట్టుకొని ఊరు కాని ఊరికి పోయినవానికి మొదటి పూట అన్నము ఎట్లు దొరకెనన్న విషయమునకు అంత ఆదరము కలుగలేదు.

ఒంటరిగా భుజించుట మన పూర్వుల దృష్టిలో అంత మంచి పని కాదు. తన కొరకే వండుకొనువాడు పాపమునే తినుచున్నాడని భగవద్గీత మూడవ అధ్యాయము చెప్పుచున్నది. ఒక్కడే తినువానికి పాపము కూడ ఒక్కనికే చెందునను భావము ఋగ్వేదము పదియవ మండలములోనే కలదు. ఇంటిలోనైనను, పెండ్లిలోనైనను భోజనమనగా బంతి. బంతిలో పెద్దవారు ఔపోసనము పట్టిన పిమ్మట తక్కినవారు మొదలిడవలెను. అందరును ముగించువరకు ఒకడు లేవరాదు. కాని ఈ ధర్మమునకు ప్రక్కనే, దానికి పూర్తిగా ఎదురైన మరియొక ధర్మము నడచినది. అది మడి. పరుల చేతి వంట తినరానివాడు ప్రయాణములో బియ్యము, పప్పు మూటగట్టుకొని, చెరువుగట్టున మూడు రాళ్ళు పెట్టుకొని స్వయంపాకము చేసికొనెను. కనుక మన దేశమున ఒంటరి భోజనమునకు పూర్వరూపము హోటలు కాదు, స్వయంపాకము. అది ఒకరితో పొత్తు లేకుండుటకు ఏర్పడిన ఒంటరితనము. నగరపు హోటలులోని ఒంటరితనము వేరు: ఇక్కడ తినువాడు ఒంటరి; వండినవాడు, వడ్డించినవాడు, ప్రక్కన కూర్చున్నవాడు అందరును అపరిచితులే.

అట్లని డబ్బిచ్చి అన్నము తినుట మనకు తెల్లవారు నేర్పినదని తలచుట పొరపాటు. వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమై, శ్రీనాథునిదని కొందరు పండితులు వాదించిన క్రీడాభిరామము, కాకతీయుల నాటి ఓరుగల్లు వీధులను మన కన్నుల ఎదుట నిలుపును. అందు లక్ష్మణవజ్ఝల అను నాతని యిల్లు పూటకూటికి పేరు పొందినది. ఒక రూక చెల్లించినవానికి అచ్చట మేలిరకపు బియ్యపు అన్నము, గోధుమపిండి వంట, పంచదార, అప్పుడు కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్ళు, మీగడ పెరుగు లభించెను. గమనింపదగిన విషయము వంటకముల పట్టిక కాదు. వెల ముందుగానే నిర్ణయమై యుండుట. వచ్చినవాడు చుట్టము కాదు, అతిథి కాదు, యాచకుడు కాదు. రూక గలవాడు. అంతటి మాటను ఆ కవి వినోదముగా చెప్పి దాటిపోయెను.

సత్రమునకును పూటకూళ్ళ యింటికిని గల భేదము ఇచ్చటనే యున్నది. సత్రము దాత కీర్తి, అన్నము ఉచితము. గోదావరి లంకలలో దారి తప్పినవారికి, ఆకలిగొన్నవారికి వేళ యనక వండిపెట్టిన డొక్కా సీతమ్మగారి (1841–1909) వంటి పుణ్యాత్ముల పేరు నేటికిని తెలుగువారు తలచుచున్నారు. కాని అందరు దాతలు సీతమ్మలు కారు. అనేక సత్రములలో అన్నము ఏ వర్ణమువారికి, ఎన్ని దినములు అనునది ధర్మశాసనములోనే వ్రాయబడియుండెను. ఉచితముగా తినువాడు తానెవరో చెప్పుకొనక తప్పదు. వెల యిచ్చినవానికి ఆ చెప్పుకొనుట కొంత తగ్గును. పూర్తిగా తొలగుటకు మాత్రము మరి కొన్ని శతాబ్దములు పట్టినవి.

పందొమ్మిదవ శతాబ్దమున జిల్లా కోర్టులు, కలెక్టరు కచేరీలు, ఇంగ్లీషు బడులు వచ్చిన పట్టణములలో పూటకూళ్ళ యిండ్లు పెరిగినవి. వ్యాజ్యము కొరకు వచ్చిన రైతు, నకళ్ళు వ్రాయు గుమాస్తా, పరీక్షకు వచ్చిన విద్యార్థి వాటికి ఆధారము. పేద విద్యార్థికి మాత్రము ఇంకొక దారి యుండెను: వారములు. సోమవారము ఒకరి యింట, మంగళవారము ఒకరి యింట భోజనము. వారములు చేసికొని చదివి పెద్దవారైనవారెందరో మన చరిత్రలో కలరు. ఆ అన్నము వెనుక ఆదరము కలదు. దానితో పాటు, వడ్డించు ఇల్లాలి ముఖము చూచి రెండవసారి అడుగుటకు సంకోచించిన పిల్లవాని ఆకలియు కలదు.

ఈ పూటకూళ్ళ యిండ్లను నడపినవారిలో వితంతువులు అధికము. ఆనాటి బ్రాహ్మణ వితంతువునకు పుట్టింట వంట, అత్తింట వంట తప్ప వేరు బ్రతుకు లేదు. ఆ వంటనే వెలకు అమ్మినప్పుడు ఆమెకు స్వతంత్రమైన జీవనము ఏర్పడినది, దానితో పాటు లోకనింద కూడ. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కములో విజయనగరపు పూటకూళ్ళమ్మ పాత్ర నవ్వు పుట్టించును. కాని ఆమె స్థితిని ఆలోచించినచో గిరీశము వంటివారు ఆమె అన్నము తిని ఆమె సొమ్మునే కాజేయుట నవ్వదగిన విషయము కాదు. ఒంగోలులో భర్త పోయిన పిమ్మట పూటకూళ్ళ యిల్లు నడపి పిల్లలను పెంచిన సుబ్బమ్మగారి సంగతి ఆమె కుమారుడే తన స్వీయచరిత్రలో చెప్పుకొనెను. ఆ కుమారుడు టంగుటూరి ప్రకాశం పంతులు. 1953లో ఆంధ్రరాష్ట్రమునకు ప్రథమ ముఖ్యమంత్రి అయిన మహానుభావుని చదువు, పరదేశులు వెల యిచ్చి తిన్న విస్తళ్ళ మీద సాగినదన్నమాట.

ఇరువదవ శతాబ్దమున ఈ కథ పెద్ద నగరమునకు మారినది. తెలుగువారికి అప్పటి నగరము చెన్నపట్టణమే. కాలేజీ, హైకోర్టు, అచ్చాఫీసు, తరువాత సినిమా కంపెనీ, అన్నియు అచ్చటనే. ఉద్యోగము దొరికిన యువకుడు కుటుంబమును తెచ్చుకొనునంతవరకు గదిలో ఒంటరి. అతని ఆకలి మీద లేచిన వ్యాపారమే ఉడిపి హోటలు. దక్షిణ కన్నడ జిల్లా నుండి వచ్చిన కె. కృష్ణారావుగారు పిండి రుబ్బుట, అంట్లు తోముట మొదలగు పనులతో జీవితము ఆరంభించి, 1920–30ల మధ్య జార్జిటవునులో చిన్న హోటలు, పిదప మౌంటురోడ్డులో ఉడిపి శ్రీకృష్ణవిలాసము పెట్టి, 1938లో రాయపేటలో ఉడ్లండ్సు హోటలు నెలకొల్పిరి. ఆయన వెనుక ఆ సీమవారెందరో ఆ దారినే పట్టిరి.

ఉడిపివారి విజయమునకు సాంబారు రుచి ఒక్కటే కారణము కాదు. ఆనాటి సంఘములో బ్రాహ్మణుడు వండిన అన్నము ఎవరైనను తినవచ్చును. ఉడిపి మఠపు వంటశాలల కీర్తి ఆ వంటవారికి తోడుగా వచ్చినది. ఊరు విడిచి వచ్చిన కుమారుడు పట్టణమున ఏమి తినుచున్నాడో యని భయపడు తల్లికి ‘ఉడిపి బ్రాహ్మణ హోటలు’ అను పలక ఒక అభయపత్రము. ఆచారమును విడువలేని తరము ఆచారము తెలియనిచోట తినుటకు ఈ వంటవాడే వంతెన అయ్యెను. అంతటితో ఆగక ఆ హోటళ్ళు భోజనమును ముక్కలు చేసినవి. ఇంటిలో పూట భోజనమే కలదు. హోటలులో టిఫిను కలదు, ‘ప్లేటు’ కలదు, ‘హాఫ్ కప్పు’ కలదు. ఒక్కడు తినుటకు సరిపడు కొలత అట్లు ఏర్పడినది. పారిస్ నగరములో పదునెనిమిదవ శతాబ్ది రెండవ భాగమున రెస్టారెంటులు పుట్టినప్పుడు కూడ వాటి కొత్తదనము వంటలో కంటె ఇందులోనే ఎక్కువగా నుండెను: అందరికి ఒకే వేళ, ఒకే పెద్ద బల్ల అను పద్ధతి పోయి, ఎవరి బల్ల వారిది, ఎవరి వేళ వారిది, ఎవరు కోరినది వారికి అను పద్ధతి వచ్చినది. మద్రాసు గుమాస్తాకు పారిస్ సంగతి తెలియదు. అతని చేతిలోని నెలసరి భోజనపు టిక్కెట్ల పుస్తకము అదే పని చేసినది.

కాని ఆ పలక మీది ‘బ్రాహ్మణ’ శబ్దము ఒకరికి అభయము, మరియొకరికి అవమానము. అనేక హోటళ్ళలో బ్రాహ్మణులకు లోపలి గది, తక్కినవారికి ముందరి గది. అస్పృశ్యులనబడినవారికి గడపయే లేదు. రైల్వే స్టేషనులలోని ఫలహారశాలలలో సయితము ఈ విభజన బోర్డులతో నడచినది. మద్రాసు ప్రాంతపు రైల్వేలలో అవి తీయబడినది 1941లో, పెరియారు రామస్వామి నాయకరుగారి ఆందోళన పిమ్మట. తిరువల్లిక్కేణిలో మురళీ కేఫ్ అను హోటలు పేరులోని ‘బ్రాహ్మణ’ శబ్దమును తొలగింపుమని 1957లో ద్రావిడ కళగమువారు దినదినము పికెటింగు చేసి వందలకొలది అరెస్టయిరి. మరుసటి సంవత్సరము ఆ మాట పలక మీద నుండి పోయినది. శాకాహారమని తెలుపుటకే ఆ పదము వాడితిమని హోటళ్ళవారు చెప్పుట కలదు. కొంత నిజమే కావచ్చును. శాకాహారమునకు శాకాహారమను మాటయే ఉండగా మరియొక మాట ఏల యన్న ప్రశ్నకు మాత్రము ఆ సమాధానము చాలదు.

ఊరుగాని ఊరిలో ఒంటరి భోజనము ఎంత దుఃఖకరము కాగలదో తెలిసికొనుటకు ప్రభుత్వోద్యోగులు ప్రత్యేకముగా తలచుకొనవలసిన ఉదంతము ఒకటి కలదు. కొలంబియా విశ్వవిద్యాలయమున, లండనులో చదివి వచ్చిన యువకుడు బరోడా సంస్థానపు విద్యార్థి వేతనమునకు బదులుగా ఆ సంస్థానములో కొలువు చేయుటకు 1917లో బరోడా స్టేషనులో దిగెను. ఆయన భీమరావు అంబేద్కరు. హిందూ హోటలులో చేర్చుకొనరని ముందే తెలియును. పారసీల వసతిగృహము ఒకటి కలదని విని అచ్చటికి పోగా, అది పారసీలకు మాత్రమే యని కాపలావాడు చెప్పెను. పారసీ పేరుతో పుస్తకములో వ్రాసికొనినచో ఉండవచ్చునని యిద్దరును ఒక ఒప్పందమునకు వచ్చిరి. మేడ మీద చిన్న గది. తక్కిన హాలంతయు విరిగిన కుర్చీలు, పలకలు. పగలు కచేరి, రాత్రి ఒక చిన్న లాంతరు. ఆ కాపలావాడు తెచ్చిపెట్టిన అన్నమును ఆయన ఆ చీకటిలో ఒంటరిగా తినెను. పుస్తకములు చదువుకొనుచు ఒంటరితనమును మరచుటకు యత్నించెను. పదునొకండవ నాడు ఉదయము కచేరికి బయలుదేరుచుండగా కఱ్ఱలు చేబట్టిన పారసీలు గుంపుగా మేడ యెక్కి, సాయంత్రములోపల పొమ్మనిరి. ఇద్దరు మిత్రులను ఆశ్రయము అడిగెను. ఏవేవో కారణములు చెప్పిరి. ఒక తోటలో ప్రొద్దు గడపి, రాత్రి బండికి బొంబాయి తిరిగిపోయెను. ఈ సంగతిని ఆయనయే తరువాత వ్రాసికొనెను.

ఆ యువకుడే ముసాయిదా సంఘాధ్యక్షుడుగా నడిపించిన రాజ్యాంగమునందు, 15వ అధికరణము రెండవ ఖండమున, అంగళ్ళలోనికి, హోటళ్ళలోనికి, ఫలహారశాలలలోనికి, వినోదస్థలములలోనికి ప్రవేశము విషయమై మతము, జాతి, కులము, లింగము, జన్మస్థలము కారణముగా ఏ పౌరుని అడ్డగింపరాదని వ్రాయబడినది. ప్రాథమిక హక్కులను గూర్చిన గంభీరమైన అధ్యాయమున హోటలు ఎందుకు చోటు చేసికొన్నదో బరోడా ఉదంతము తెలిసినవానికి వేరుగా చెప్పనక్కరలేదు. 1955లో అస్పృశ్యతా నేరముల చట్టము వచ్చి, ఇట్లు అడ్డగించుట శిక్షార్హమైన నేరమయ్యెను; 1976లో అది బలపరచబడి, పౌరహక్కుల పరిరక్షణ చట్టమను పేరు పొందినది. చట్టమునకును టీ బంకునకును దూరము కలదు. మన పల్లెలలో ‘రెండు గ్లాసుల పద్ధతి’ ఈ శతాబ్ది ఆరంభమున సయితము నడచుచుండెనని జస్టిస్ పున్నయ్య కమిషను నివేదికలో కలదు. నగరములో అది నిలువలేకపోయినది. దానికి నగరవాసుల ఔదార్యము కొంత, రద్దీ కొంత. మధ్యాహ్నము ఒంటిగంటకు వెనుక నలుగురు కాచుకొనియుండగా కుర్చీలో కూర్చున్నవాని పుట్టుపూర్వోత్తరములు విచారించుటకు ఏ సర్వరుకును తీరిక లేదు.

బొంబాయిలో ఈ కథ ఇంకొక రీతిగా నడచినది. నిజాం రాష్ట్రమునుండి కట్టడపు పనులకు పోయిన కామాఠీల పేర కామాఠీపురము వెలసినది. ఆ తరువాత బట్టలమిల్లులకు తెలంగాణపు పద్మశాలీలు పెక్కురు చేరిరి. మిల్లు కార్మికులలో కుటుంబమును పల్లెలో విడిచి వచ్చినవారే ఎక్కువ. ఒక్క గదిలో పదిమంది, పాళ్ళ ప్రకారము నిద్ర; వంటకు చోటు లేదు. వారికి అన్నము పెట్టినది ఖానావళి. పెద్ద ఖానావళులు దుకాణముల వంటివి. కాని గిర్ణీల పేటలో ఎక్కువ భాగము ఒక స్త్రీ తన చాలులోనే పది ఇరువదిమందికి రొట్టెలు చేసి పెట్టి, నెల జీతముల నాడు లెక్క తీసికొనెడి చిన్న యేర్పాటులు. కచేరి ఉద్యోగికి ఇంటి అన్నమును డబ్బాలలో చేరవేయు పద్ధతి 1890 ప్రాంతమున మహాదేవ్ హావజీ బచ్చేగారితో మొదలైనది. ఇల్లే లేనివానికి ఖానావళియే గతి.

సమ్మె వచ్చినప్పుడు ఖానావళి అసలు స్వరూపము తెలియును. 1974 నాటి మిల్లు సమ్మెలో జీతము లేని కార్మికునికి ఈ స్త్రీలు అప్పు మీద అన్నము పెట్టిరి. షావుకారుకు వడ్డీ కట్టి, నగలు తాకట్టు పెట్టి బియ్యము తెచ్చిరి. సమ్మె నాయకుల ఉపన్యాసములు పత్రికలలో పడినవి. సమ్మె నిలిచినది మాత్రము ఈ పొయ్యిల మీద. ఇది చూచిన కార్మికనాయకురాలు ప్రేమా పురవ్‌గారు 1975లో అన్నపూర్ణా మహిళామండలము స్థాపించి, జాతీయమైన బ్యాంకుల నుండి వారికి అప్పులిప్పించిరి. ఒంగోలు సుబ్బమ్మగారికి ఏ బ్యాంకును అప్పు ఇచ్చి యుండదు. 1982 జనవరిలో మొదలైన మహా సమ్మె పిదప మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడగా, ఆ పొయ్యిలలో అనేకము ఆరిపోయినవి.

బొంబాయి వారికి ఇంకొక ఆశ్రయము ఇరానీ హోటలు. ధోబీతలావులోని కయానీ 1904 నాటిది. బల్లార్డ్ ఎస్టేటులోని బ్రిటానియా 1923 నాటిది. వీధి మూలలలోని దుకాణములు అశుభమని హిందువులు వదలగా ఇరానీలు వాటిని చవుకగా తీసికొనిరని చెప్పుదురు. నిజమెంతయో కాని, మూల దుకాణమునకు రెండు వైపుల వాకిళ్ళు; వచ్చుపోవువారికి అది మిక్కిలి సౌకర్యము. చలువరాతి బల్లలు, వంచిన చెక్క కుర్చీలు, నిలువుటద్దములు. వండినవాడు జరతుష్ట్ర మతస్థుడో ముసల్మానో యగుటచే అచ్చట మడి ప్రసక్తియే లేదు; కనుక ఎవరైనను కూర్చుండవచ్చును. బన్ను, మస్కా, టీ. పుస్తకము చదువుకొనుచు ఒంటరిగా కూర్చుండుటకు ఇంతకంటె తగిన చోటు దొరకదు. కాని యజమాని గోడకు వ్రేలాడగట్టిన నిషేధముల పట్టిక చూడవలెను: ఎక్కువసేపు కూర్చుండరాదు, తల దువ్వుకొనరాదు, క్యాషియరుతో కబుర్లాడరాదు. అట్టి పట్టికను చూచి నిస్సిం ఎజెకియల్ ఆంగ్లమున ఒక కవితయే వ్రాసెను. మాటుంగాలో తమిళులు, తెలుగువారు, కన్నడిగులు స్థిరపడిన పిమ్మట దక్షిణాది భోజనమునకు కొరత తీరినది. రైలు స్టేషను దాపున రామనాయకుగారు 1942లో స్థాపించిన ఉడిపి శ్రీకృష్ణ బోర్డింగులో అరటియాకు భోజనమునకు జనులు వరుసలో నిలుచుచుందురు.

ఇరానీ హోటళ్ళలో మరియొక యేర్పాటు కలదు, చెక్క తడికలతో మరుగుపరచిన ‘ఫామిలీ రూము’. మద్రాసులో, హైదరాబాదులో, విజయవాడలో సయితము ఆ బోర్డు చాలకాలము కనబడినది. స్త్రీ హోటలుకు వచ్చినచో కుటుంబముతోనే రావలెనని ఆ బోర్డు భావము. పూటకూళ్ళ యింటి నుండి ఖానావళి వరకు ఒంటరి పురుషునికి వండిపెట్టినది స్త్రీయే. ఆమె తాను ఒంటరిగా ఒక హోటలులో కూర్చుండి తినుటకు మాత్రము లోకము అంత సులభముగా ఒప్పుకొనలేదు. టెలిఫోను ఎక్స్చేంజీలలో, అకౌంట్సు ఆఫీసులలో, బడులలో స్త్రీలు ఉద్యోగములకు వచ్చిన పిదప కూడ వారు ఇంటి నుండి తెచ్చిన టిఫిను డబ్బా విప్పినది ఆఫీసులోని ఒక మూల గదిలో, తోటి స్త్రీల నడుమ. రాజ్యాంగములోని ఆ ఖండమున కులము ప్రక్కనే లింగము అను మాట కూడ ఉన్నదని చాలామంది గమనించినట్లు కనబడదు.

కలకత్తా ‘పైస్ హోటళ్ళ’ను గూర్చి ఒక మాట చాలును. కాలేజి వీధి దాపున భవానీదత్త సందులోని స్వాధీన భారత్ హిందూ హోటలు వంటి వాటిలో అన్నము వేరు, పప్పు వేరు, చేప వేరు, నిమ్మచెక్క వేరుగా వెల. అరటియాకునకు సయితము లెక్క కట్టుదురు. ‘ఫుల్ మీల్స్’కు అలవాటుపడిన తెలుగువానికి ఇది లోభముగా తోచును. జేబులో కొన్ని కాసులు మాత్రమే యున్న విద్యార్థికి అదే గొప్ప దయ.

ఢిల్లీ సంగతి కచేరి సంగతియే. 1911 డిసెంబరు దర్బారులో రాజధాని మార్పు ప్రకటింపబడి, 1931లో కొత్త నగరము ప్రారంభమైనది. వేసవికి ఫైళ్ళతో సహా సిమ్లా, చలికి ఢిల్లీ. గుమాస్తా బ్రతుకు పెట్టెలోనే. గోధుమరొట్టె, మినపపప్పు తిని నోరు చచ్చిన దక్షిణాదివానికి కన్నాట్ సర్కసులోని మద్రాస్ హోటలు పుట్టిల్లు వంటిదయ్యెను. కాఫీ బోర్డు తన కాఫీ హౌసులను మూయబూనగా, ఏ.కె. గోపాలన్‌గారి ప్రోత్సాహముతో పనివారే సహకార సంఘములుగా ఏర్పడి 1957 నుండి వాటిని నడపుకొనిరి. ఒక కప్పు కాఫీ ముందు పెట్టుకొని రెండు గంటలు ఒంటరిగా కూర్చున్నను తలపాగా సర్వరు ఒక మాట అనడు. ఇరానీ యజమాని దీనిని ఎన్నటికి సహింపడు! కన్నాట్ ప్లేసులోని ఆ కాఫీ హౌసు అత్యవసర పరిస్థితి కాలమున, 1976లో, పడగొట్టబడినది. అచ్చట ఒంటరిగా వచ్చినవారు ఒకరితో ఒకరు మాటలాడ మొదలిడుటయే దాని నేరమని ఆనాడు చెప్పుకొనిరి.

మద్రాస్ హోటలు కూడ 2005లో మూతపడినది. బస్సు స్టాపునకు మాత్రము ఆ పేరే నిలిచి, కండక్టర్లు ఆ పేరే పిలుచుచు వచ్చిరి. తెలుగువారికి అశోకా రోడ్డులోని ఆంధ్రప్రదేశ్ భవన్ క్యాంటీను ఉన్నది. అచ్చట కూపను తీసికొని నిలుచుండవలెను. ఒంటరిగా వచ్చినవానికి ఒంటరి బల్ల ఇయ్యరు. నలుగురి బల్లలో మూడు కుర్చీలు నిండి ఒకటి ఖాళీగా నున్నచో అందు కూర్చుండబెట్టుదురు. ఎదుట ఒక పంజాబీ కుటుంబము, ప్రక్కన యూనివర్సిటీ పిల్లవాడు. పప్పు బకెట్టు ఒకవైపు నుండి, అన్నపు బకెట్టు మరియొకవైపు నుండి వచ్చును. కందిపొడి డబ్బా, నేతి గిన్నె, ఆవకాయ బల్ల మీదనే యుండును. అవి చేయి చేయి మారవలెను. పొడిలో నెయ్యి వేసికొని మొదటి ముద్ద కలుపుట ఎట్లో తెలియక చూచుచున్న పరాయివానికి, ఊరి నుండి నిన్ననే దిగిన తెలుగు గుమాస్తా వచ్చీరాని హిందీలో చెప్పుచుండును.